వరంగల్ పిన్‌కోడ్ 506002: ఏ గుణం సంఖ్యది, ఏ గుణం రాతది?

క్లుప్తంగా: 506002 వరంగల్ పిన్‌కోడ్. సంఖ్యగా చూస్తే అది 2, 7, 47, 769 అనే నాలుగు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఏ లిపిలో రాసినా, ఎన్నేసి చొప్పున లెక్కపెట్టినా ఈ సంగతి మారదు. అంకెలు కూడితే 13, దాన్ని మళ్లీ కూడితే 4 రావడం మాత్రం పదుల్లో లెక్కపెట్టే అలవాటు వల్ల వచ్చింది. మొదటి మూడు అంకెలు వరంగల్ ప్రాంతాన్ని సూచించడం తపాలా శాఖ చేసిన ఏర్పాటు. ఈ మూడు రకాల గుణాలను ఒకే గాటన కట్టడం వల్లే సంఖ్యల ‘విశేషాల’ మీద అయోమయం పుడుతోంది.

కొత్త బండికి నంబరు తీసుకునేటప్పుడు, కొత్త సిమ్ కొనేటప్పుడు ‘టోటల్ ఎంతొస్తుంది?’ అని అడగడం వరంగల్, హనుమకొండ వాళ్లకు బాగా అలవాటైన మాటే. 2024 మార్చిలో వాహనాల రిజిస్ట్రేషన్ అక్షరాలు టీఎస్ నుంచి టీజీకి మారాయి. అక్షరాలు మారినా చివరి నాలుగంకెల మీద మోజు తగ్గలేదు. ఫ్యాన్సీ నంబర్లకు రవాణా శాఖ వేలం పాట పెట్టే పద్ధతి కొనసాగుతూనే ఉంది. మరోవైపు ఏ సంఖ్య ఇచ్చినా దాని ‘లక్షణాల’ జాబితా క్షణంలో చూపించే సాధనాలు ఫోన్లలోకి వచ్చేశాయి. సరిసంఖ్యా బేసిసంఖ్యా, ఎన్ని భాజకాలు, అంకెల మొత్తం ఎంత, కంప్యూటర్ భాషలో ఎలా ఉంటుంది, తిరగేసి చదివితే ఏమొస్తుంది అన్నీ ఒకే వరుసలో, ఒకే బరువుతో కనిపిస్తాయి. చూసేవారికి అవన్నీ ఆ సంఖ్యకు పుట్టుకతో వచ్చినవే అనిపిస్తుంది. కొన్ని నిజంగా అలాంటివే. కొన్ని కావు. తేడా తెలియాలంటే జాబితా సరిపోదు, ఒక సంఖ్యను చేతిలోకి తీసుకుని లెక్క చేసి చూడాలి. ఈ ప్రాంతం వాళ్లకు 506002 కన్నా దగ్గరి సంఖ్య దొరకడం కష్టం.

అన్నిటికంటే ముందు అది చిరునామా

పిన్‌కోడ్ విధానం దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో పనిచేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ దీన్ని రూపొందించారు. ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు, ఎన్నో భాషలు, చేతిరాతలో తప్పులు ఉన్న దేశంలో ఉత్తరాలను వేరుచేసే పని సులువు కావడం దీని ఉద్దేశం. మొదటి అంకె 5 దక్షిణాదిలోని ఒక మండలాన్ని, అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలను సూచిస్తుంది. మొదటి మూడు అంకెలు ఉత్తరాలను విడదీసే జిల్లాను చెబుతాయి. 503 నిజామాబాద్, 504 ఆదిలాబాద్, 505 కరీంనగర్, 506 వరంగల్. చివరి మూడు అంకెలు పంపిణీ చేసే తపాలా కార్యాలయానివి. ఆ లెక్కన 506001 హనుమకొండ, 506002 వరంగల్, 506003 కాజీపేట. నిట్ చిరునామాలో 506004, కాకతీయ మెడికల్ కాలేజీ చిరునామాలో 506007, కాకతీయ విశ్వవిద్యాలయం చిరునామాలో 506009 కనిపిస్తాయి.

2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా పేర్లు మార్చుకున్నాయి. 506 మాత్రం అలాగే ఉంది. పరిపాలన గీసిన గీతలకు, తపాలా సంఖ్యకు మధ్య ఉన్నది ఒప్పందమే తప్ప మరో బంధం కాదని ఇక్కడే తెలుస్తుంది. పిన్‌కోడ్‌లో 506002 అనేది ఐదు లక్షల ఆరు వేల రెండు అని ఎవరూ చదవరు. ‘ఐదు సున్నా ఆరు, సున్నా సున్నా రెండు’ అంటారు. అది పరిమాణం కాదు, గుర్తు. రెండు పిన్‌కోడ్‌లను కూడితే వచ్చే మొత్తానికి తపాలా శాఖ దృష్టిలో ఏ అర్థమూ లేదు.

అయినా ఆరంకెల గుర్తును సంఖ్యగా చదవడానికి అడ్డేమీ లేదు. అలా చదివిన మరుక్షణం అది తపాలా శాఖ చేయి దాటి గణితం చేతిలోకి వస్తుంది.

ముక్కలు చేసే పని

ఏ పూర్ణసంఖ్యకైనా అసలైన గుర్తింపు దాని ప్రధాన కారణాంకాలు. 1తో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగించలేని వాటిని ప్రధాన సంఖ్యలంటారని బడిలో చదువుకున్నదే. 2, 3, 5, 7, 11 అలాంటివి. 1 కంటే పెద్దదైన ప్రతి సంఖ్యా ప్రధాన సంఖ్యే అయి ఉంటుంది, లేదంటే ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడిపోతుంది. ఆ విడిపోవడం ఒకే ఒక్క విధంగా జరుగుతుంది. పదో తరగతి ‘వాస్తవ సంఖ్యలు’ పాఠంలో దీన్నే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం అంటారు.

506002 చివర 2 ఉంది కాబట్టి సరిసంఖ్య. సగం చేస్తే 253001. దీని అంకెల మొత్తం 11, కనుక 3తో పోదు. చివర 0గానీ 5గానీ లేదు, 5తోనూ పోదు. 7తో భాగిస్తే సరిగ్గా 36143 వస్తుంది. ఇక్కడి నుంచి పని మెల్లగా సాగుతుంది. 36143ను మళ్లీ 7తో భాగిస్తే 2 మిగులుతుంది. 11తో 8, 13తో 3 మిగులుతాయి. 17 దగ్గర అందినట్టే అంది ఒక్కటి మిగులుతుంది. 19, 23, 29, 31, 37, 41, 43 ఏవీ తెగవు. 47 దగ్గర తెగుతుంది: 47 × 769 = 36143.

ఇక 769 సంగతి. దానికి ఇంకా చిన్న ముక్కలు ఉన్నాయా అని మళ్లీ మొదటి నుంచి వెతకనక్కర్లేదు. 47 కంటే చిన్న ప్రధాన సంఖ్యలన్నీ 36143 మీద ప్రయోగించి విఫలమైనవే. అవి 769నూ భాగించలేవు. ఇక 47గానీ అంతకంటే పెద్దదిగానీ కారణాంకంగా ఉండి, దానికి జోడీ కూడా 47కు తగ్గకుండా ఉండాలంటే లబ్ధం కనీసం 47 × 47, అంటే 2209 కావాలి. 769 అంతకంటే చిన్నది. కాబట్టి 769 ప్రధాన సంఖ్యే. లెక్క ముగిసింది:

506002 = 2 × 7 × 47 × 769

ఈ పద్ధతిలో ఆగాల్సిన చోటు ముందే తెలియడం ముఖ్యం. 506002 వర్గమూలం 711 కంటే కొద్దిగా ఎక్కువ. ఒక సంఖ్య సంయుక్త సంఖ్య అయితే దాని కారణాంకాల్లో ఒకటైనా వర్గమూలాన్ని మించకుండా ఉండి తీరుతుంది. 711 లోపు ప్రధాన సంఖ్యలు 127. అంటే ఇంచుమించు ఈ పరిమాణంలో ఉన్న సంఖ్య ఎంత మొండిదైనా దాదాపు ఇన్ని భాగారాలతోనే గుట్టు విప్పేస్తుంది. 506002 అంత దూరం కూడా రానివ్వలేదు. 2, 7 విడిపోయాక మిగిలిన 36143కు 190 వరకు చూస్తే చాలు, 47 దగ్గరే పని అయిపోయింది.

506 నుంచి 2 తీసేస్తే

7తో పోతుందో లేదో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. పిన్‌కోడ్‌ను నోటితో చెప్పేటప్పుడు సహజంగా విరిచే చోటే ఈ దారికీ పనికొస్తుంది. 506002ను మూడేసి అంకెలుగా విడదీస్తే 506, 002. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 504. ఇది 7 × 72. కాబట్టి 506002 కూడా 7తో పోతుంది.

కారణం 1001లో ఉంది. 1001 = 7 × 11 × 13. 506002 అంటే 506 వేలు, పైన 2. వెయ్యికి బదులు 1001 చొప్పున 506 సార్లు తీసుకుంటే 506 ఎక్కువవుతుంది, ఇచ్చిన 2 పోను 504 ఎక్కువ. అంటే 506002 = 506 × 1001 − 504. 1001 ఎటూ 7తో పోతుంది కాబట్టి మిగిలిన తీర్పంతా 504 చేతిలోనే ఉంటుంది. ఈ ఒక్క తీసివేతతో 11, 13 సంగతి కూడా తేలిపోతుంది. 504ను 11తో భాగిస్తే 9, 13తో భాగిస్తే 10 మిగులుతాయి. అంటే ఆ రెండూ 506002ను భాగించవు.

ఇదే కొలతతో పొరుగు జిల్లాను చూస్తే ఒక చక్కని పొంతన బయటపడుతుంది. కరీంనగర్ పిన్‌కోడ్ 505001. 505లోంచి 1 తీసేసినా 504 వస్తుంది. అదీ 7తో పోతుంది. ఆశ్చర్యం అక్కర్లేదు, 506002, 505001ల మధ్య తేడా సరిగ్గా 1001. అందుకే 7, 11, 13లతో భాగించినప్పుడు ఈ రెండు సంఖ్యలూ ఒకే శేషాలు ఇస్తాయి. నిజామాబాద్ 503001కి 7తో 2, ఆదిలాబాద్ 504001కి 1 మిగులుతాయి. 506తో మొదలయ్యే సంఖ్యల్లో చివరి మూడు అంకెలు 002, 009, 016, 023 ఇలా ఏడేసి దూరంలో ఉన్నవన్నీ 7 గుణిజాలు. కాకతీయ విశ్వవిద్యాలయం 506009 ఆ వరుసలోదే.

వరంగల్‌కూ కరీంనగర్‌కూ మధ్య ఈ సంఖ్యాబంధం నిజం. కానీ అది రెండు ఊళ్ల బంధం కాదు. తపాలా శాఖ కరీంనగర్‌కు 505002 కేటాయించి ఉంటే పొంతన పోయేది, ఊరు మాత్రం అదే చోట ఉండేది.

పదహారు భాజకాలు, వెయ్యి స్తంభాల వెయ్యి

నాలుగు వేర్వేరు ప్రధాన సంఖ్యలు చేతిలో ఉంటే భాజకాలన్నీ వాటిలోంచే పుడతాయి. ప్రతి ప్రధాన సంఖ్యనూ తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. నాలుగింటికి రెండేసి ఎంపికలు, మొత్తం 16. అవి 1, 2, 7, 14, 47, 94, 329, 658, 769, 1538, 5383, 10766, 36143, 72286, 253001, 506002.

భాజకాలంటే ఏమిటో కళ్లకు కట్టాలంటే ఏనుమాముల మార్కెట్‌ను తలచుకోవచ్చు. 506002 మిర్చి బస్తాలను ఒక్క బస్తా కూడా మిగలకుండా దీర్ఘచతురస్రంగా పేర్చాలంటే ఎనిమిది రకాలుగానే వీలవుతుంది. ఒకే పొడవాటి వరుస నుంచి మొదలుపెడితే, చతురస్రానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది 658 వరుసలు, వరుసకు 769 బస్తాలు. సరిగ్గా చతురస్రం మాత్రం ఎప్పటికీ కుదరదు. ఏ ప్రధాన కారణాంకమూ రెండోసారి రాలేదు కాబట్టి, చిన్న చతురస్రాన్ని కూడా ఈ సంఖ్యలోంచి గుణకంగా బయటికి తీయలేం.

ఇప్పుడు హనుమకొండ వెయ్యి స్తంభాల గుడిని తలచుకుందాం. 1163లో కట్టిన ఆ గుడి పేరులోని వెయ్యిని విడదీస్తే 2 × 2 × 2 × 5 × 5 × 5. ఇక్కడ 2ను సున్నా నుంచి మూడు సార్ల వరకు ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు, అంటే నాలుగు ఎంపికలు. 5కూ నాలుగే. నాలుగు నాలుగులు పదహారు. ఐదు లక్షలు దాటిన 506002కూ పదహారు భాజకాలే, వెయ్యికీ పదహారే. భాజకాలు ఎన్ని అన్నది సంఖ్య పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి కాదు, దాని అల్లికను బట్టి ఉంటుంది.

అల్లిక తేడా ఇంకో చోటా కనిపిస్తుంది. ఒక సంఖ్య భాజకాల్లో ఆ సంఖ్యను వదిలేసి మిగిలినవన్నీ కూడితే ఎంత వస్తుందో గ్రీకుల కాలం నుంచి చూస్తున్నారు. 6 భాజకాలు 1, 2, 3 కూడితే మళ్లీ 6. అలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. తక్కువ వస్తే న్యూన సంఖ్య, ఎక్కువ వస్తే అధిక సంఖ్య. వెయ్యికి ఆ మొత్తం 1340, కాబట్టి అధికం. 506002కు 381038, కాబట్టి న్యూనం. చిన్న ప్రధాన సంఖ్యలు పదేపదే వచ్చిన సంఖ్యలకు భాజకాల బలం ఎక్కువ. 769 లాంటి పెద్ద ముక్క ఉన్నచోట ఆ బలం తగ్గిపోతుంది.

ఆరంకెల్లో మొదటి మూడు, 506, విడిగానూ సొగసైన సంఖ్యే. అది 22 × 23, అంటే పక్కపక్క సంఖ్యల లబ్ధం. అంతేకాదు, 1 నుంచి 11 వరకు సంఖ్యల వర్గాలన్నీ కూడితే వచ్చేదీ 506. పండ్ల దుకాణంలో బత్తాయిలను అడుగున పదకొండు పదకొండుగా పరిచి, పైకి పోయేకొద్దీ వరుస తగ్గిస్తూ కొసకు ఒక్కటి పెడితే గోపురంలో సరిగ్గా 506 బత్తాయిలు ఉంటాయి. ఇది పదుల మానంతో, అంటే పదేసి చొప్పున లెక్కపెట్టి రాసే పద్ధతితో పనిలేని గుణం, బత్తాయిలకు అంకెలు తెలియాల్సిన అవసరం లేదు.

పక్క సంఖ్య పోలిక పనికిరాదు

వీధిలో ఇరుగుపొరుగు ఇళ్లు ఒకలా ఉండవచ్చు. సంఖ్యల్లో అలా ఉండదు. ఒక్కటి తేడాతో ఉన్న రెండు సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకమే ఉండదు. అందుకే ఒకదాని గురించి తెలిసినది పక్కదానికి చెల్లదు. నాలుగు పిన్‌కోడ్‌లు వరుసగా చూస్తే తెలుస్తుంది:

506001 = 3 × 151 × 1117
506002 = 2 × 7 × 47 × 769
506003 = 107 × 4729
506004 = 2 × 2 × 3 × 149 × 283

కాజీపేట సంఖ్యకు నాలుగే భాజకాలు. దాని పక్కనే ఉన్న నిట్ సంఖ్యకు 24. తనను మినహాయించి మిగతా భాజకాలు కూడితే 506004కు 686796 వస్తుంది, అంటే అధిక సంఖ్య. రెండే రెండు సంఖ్యల దూరంలో ఉన్న 506002 న్యూన సంఖ్య. మరో తేడా: 506003ను రెండు వర్గాల భేదంగా రాయవచ్చు, 2418 వర్గంలోంచి 2311 వర్గం తీసేస్తే అదే వస్తుంది. 506002ను అలా రాయడం ఎవరి వల్లా కాదు. ఏ వర్గాన్ని 4తో భాగించినా శేషం 0 లేదా 1 మాత్రమే. అలాంటి రెండింటి తేడాకు శేషం 2 రానే రాదు. 506002ను 4తో భాగిస్తే మిగిలేది 2.

మరి వరంగల్ సంఖ్యల్లో ప్రధాన సంఖ్య ఒక్కటైనా ఉందా? ఐదు లక్షల చుట్టుపక్కల సగటున పదమూడు సంఖ్యలకు ఒకటి చొప్పున ప్రధాన సంఖ్యలు తగులుతాయి. ఆ సగటును ఇచ్చే ప్రధాన సంఖ్యా సిద్ధాంతాన్ని 1896లో హదమార్డ్, దె లా వాలె పూసిన్ విడివిడిగా నిరూపించారు. దాని ప్రకారం 506001 నుంచి 506028 వరకు ఉన్న 28 సంఖ్యల్లో రెండైనా ఉండాలనిపిస్తుంది. ఒక్కటీ లేదు. సరిసంఖ్యలు ఎలాగూ కావు. బేసి సంఖ్యల్లో 001, 007, 013, 019 అంకెలతో ముగిసేవి 3తో పోతాయి. 005, 015, 025 ఐదుతో, 009, 023 ఏడుతో, 011 పదకొండుతో పోతాయి. మిగిలిన నాలుగే కాస్త సతాయిస్తాయి: 506003 లో 107, 506017 లో 71, 506021 లో 29, 506027 లో 19 దాగి ఉన్నాయి. సగటు సూత్రం తప్పు కాదు. అది పెద్ద విస్తీర్ణానికి చెల్లే మాట, ఒక వీధికి కాదు. ఒక మండలంలో సగటు వాన ఎంతో తెలిసినంత మాత్రాన ఫలానా చెరువు నిండుతుందో లేదో చెప్పలేనట్టే.

‘టోటల్’ ఎక్కడిది?

506002 అంకెలు కూడితే 13. మళ్లీ కూడితే 4. బండి నంబర్లకు, ఫోన్ నంబర్లకు చూసే టోటల్ ఇదే. ఈ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో గణితం స్పష్టంగా చెబుతుంది: 506002ను 9తో భాగిస్తే మిగిలే శేషమే 4. పది అంటే తొమ్మిది మీద ఒకటి. వంద అంటే తొంభై తొమ్మిది మీద ఒకటి. వెయ్యి, లక్ష అన్నీ 9 గుణిజం మీద ఒకటే. అందుకే ఏ స్థానంలో ఉన్న అంకె అయినా 9 దృష్టిలో ఉత్త అంకెగానే మిగులుతుంది, అన్నీ కూడితే శేషం బయటపడుతుంది. కూడికల్లో తప్పులు పట్టుకోవడానికి ఇది ఇప్పటికీ చక్కని సాధనం.

కానీ మనం పదుల్లో లెక్కపెట్టడం చేతివేళ్లు పది ఉండటం వల్ల స్థిరపడ్డ అలవాటు. ఎనిమిదేసి చొప్పున లెక్కపెడితే ఇదే సంఖ్యను 1734222 అని రాయాలి. సంఖ్య అదే, బస్తాలు అన్నే, రాత మారింది. ఇప్పుడు అంకెలు కూడితే ఇరవై ఒకటి. ఎనిమిదుల మానంలో ఇరవై ఒకటిని 25 అని రాస్తారు, రెండు ఎనిమిదులు, ఐదు ఒకట్లు. మళ్లీ కూడితే 7. పదుల్లో 4 అయిన టోటల్ ఎనిమిదుల్లో 7 అయింది. దీనికీ అదే కారణం. ఎనిమిదుల్లో అంకెల మొత్తం 7తో వచ్చే శేషాన్ని చెబుతుంది, టోటల్ 7 వచ్చిందంటే శేషం ఏమీ లేదని అర్థం. 506002 ఏడుతో పోతుందని ముందే చూశాం. రాత మారినా ఆ నిజం మారలేదు, మరో దారిలో మళ్లీ కనిపించింది.

కంప్యూటర్ రెండేసి చొప్పున లెక్కపెడుతుంది. అక్కడ 506002 రూపం 1111011100010010010. పంతొమ్మిది స్థానాలు, అందులో పది ఒకట్లు. ఈ మానంలో అంకెలు కూడుతూ పోతే ఏ సంఖ్యకైనా చివరికి మిగిలేది 1 ఒక్కటే. అంటే కంప్యూటర్ లెక్కలో ప్రతి బండికీ, ప్రతి ఫోనుకూ టోటల్ ఒకటే. మంచి నంబరు, చెడ్డ నంబరు అనే విభజన సంఖ్యల్లోనే ఉంటే రాత మారగానే అది చెరిగిపోకూడదు. చెరిగిపోతోంది. 9999 లాంటి ఫ్యాన్సీ నంబరుకు ఉన్న ఆకర్షణ కూడా అలాంటిదే. చూడగానే గుర్తుండిపోవడం నిజమైన సౌకర్యమే, దానికి డబ్బు పెట్టడం కొనేవారి ఇష్టం. అయితే ఆ అందం పదుల రాతకు చెందింది. ఎనిమిదుల్లో అదే సంఖ్య 23417.

పదులు కాని మానాలు తెలుగువారికి తెలియనివేమీ కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. నిజాం కాలపు హాలీ సిక్కా కూడా రూపాయికి పదహారణాలే. పదహారును సగం, పావు, పరక చేసుకుంటూ పోతే భిన్నాలు రావు, అదే పదహారు బలం. ‘పదహారణాల తెలుగు’ అన్న మాట ఆ లెక్కలోంచే పుట్టింది.

పద్యంలో ఇమిడిన ఇరవై అంకెలు

రాత వేరు, సంఖ్య వేరు అన్న సంగతిని తెలుగు గణితం చాలా ముందే ఆచరణలో పెట్టింది. అంకెలకు బదులు మాటలు వాడే భూతసంఖ్యల పద్ధతిలో శర అంటే 5, ఎందుకంటే మన్మథుడి బాణాలు ఐదు. శశి అంటే 1, వేద అంటే 4, గగనం అంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు పోవాలి. పదకొండో శతాబ్దపు గణితకవి పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన ఒక పద్యం ఇలాగే చదరంగం గళ్ల లెక్క చెబుతుంది. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615. పద్యం ‘శర శశి’ అని మొదలవుతుంది. అంటే సంఖ్య కుడి చివర 5, దాని ఎడమన 1.

ఇరవై అంకెల ఈ సంఖ్యను 47 దగ్గర తెగిన 506002లా ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోవడం చేత్తో అయ్యే పనిలా కనిపించదు. కానీ దీనికి లోపల ఒక కట్టడం ఉంది. రెండును అరవై నాలుగు సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. ఒక వర్గంలోంచి ఒకటి తీసేస్తే ఎప్పుడూ రెండు ముక్కలవుతుంది. ఆ సూత్రాన్నే మళ్లీ మళ్లీ వాడితే సంఖ్య తనంతట తానే విచ్చుకుంటుంది: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. వీటిలో చివరిది కూడా ప్రధాన సంఖ్యేనని పదిహేడో శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అది 641 × 6700417 అని తేల్చాడు. మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, కాబట్టి భాజకాలు 128.

ముక్కలు చేయలేకపోవడమే తాళం

కట్టడం ఉన్న సంఖ్య ఎంత పెద్దదైనా విప్పవచ్చు. ఏ కట్టడమూ కనిపించని పెద్ద సంఖ్య అయితే? ఈ ప్రశ్న ఇప్పుడు బ్యాంకు లావాదేవీలను, ఇంటర్నెట్ చిరునామాల పక్కన కనిపించే తాళం గుర్తును కాపాడుతోంది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మాన్ ప్రతిపాదించిన పద్ధతిలో రెండు భారీ ప్రధాన సంఖ్యలను గుణించి, ఆ లబ్ధాన్ని బహిరంగంగా ఉంచుతారు. గుణించడం క్షణంలో పని. వెనక్కి విడదీయడం కాదు. 506003ను చూస్తే ఈ పద్ధతి నమూనా కనిపిస్తుంది: 107, 4729 చేతిలో ఉంటే గుణించడం అర నిమిషం. 506003 మాత్రమే ఇస్తే 107ను చేరేదాకా వరుసగా భాగారాలు చేయాలి.

ఇక్కడ తరచూ కలగలిసిపోయే రెండు పనులను వేరు చేయాలి. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం ఒకటి, కాకపోతే దాని ముక్కలేవో కనుక్కోవడం మరొకటి. మొదటిది సులభమే. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అంకెల సంఖ్య పెరిగినా అదుపు తప్పని వ్యవధిలో, ఏ సందేహానికీ తావులేకుండా దాన్ని తేల్చే పద్ధతి ఇచ్చారు. రెండోదానికి మామూలు కంప్యూటర్ల మీద అలాంటి పద్ధతి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. 250 అంకెల ఒక పరీక్షా సంఖ్యను 2020 ఫిబ్రవరిలో విడదీయగలిగారు. ఒకే ప్రాసెసర్ కోర్ మీద చేస్తే సుమారు 2700 ఏళ్లు పట్టేంత పనిని ఎన్నో యంత్రాలకు పంచి అది సాధించారు. విరివిగా వాడుతున్న తాళాల్లోని సంఖ్యలకు 617 అంకెలుంటాయి.

క్వాంటం కంప్యూటర్ తగినంత పెద్దదిగా తయారైతే ఈ కష్టం కరిగిపోతుందని 1994లో పీటర్ షోర్ చూపించాడు. అంత పెద్ద యంత్రం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగకుండా అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో కొత్త రకం తాళాలకు మూడు ప్రమాణాలు విడుదల చేసింది. వాటి భద్రత సంఖ్యలను కారణాంకాలుగా విడదీయడం మీద ఆధారపడి లేదు.